ఇంట్లో చేసిన పన్ను

నా పళ్ళు మా నాన్న నాకిచ్చిన పెళ్ళికానుక. ఈ మాట చెబితే ఈ కాలం పిల్లలు నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుంటారు. మా కెంటకీ కొండల్లో ఆ రోజుల్లో అది మామూలే. పిల్లకి పెళ్ళి కుదిరితే చాలు, తండ్రి పట్నం తీసుకెళ్ళి నోట్లో ఉన్నవన్నీ పీకించి, కొత్త సెట్టు కట్టించి పంపేవాడు. రేపు అల్లుడికి ఆ పళ్ళ ఖర్చు ఉండకూడదని. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. పీకినవాటిలో సగం గట్టి పళ్ళే. అయినా కొత్తవి పెట్టుకుని, అద్దంలో చూసుకుని, "థాంక్యూ నాన్నా" అన్నాను. నిజంగానే మురిసిపోయాను. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది, పచ్చి యాపిల్ కొరకబోయినప్పుడు.

ఆ ఆచారం నాతోనే సరి అని ఒట్టు పెట్టుకున్నాను. నా పిల్లల పళ్ళ జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

నేను చెప్పబోయేది మాత్రం నా పళ్ళ సంగతి కాదు. నా మనవరాలు టెస్సా కాలేజీ ఎంచుకున్న వసంతం సంగతి. నా కూతురు పోయినప్పటినుంచీ టెస్సా నా దగ్గరే పెరిగింది. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. నేను, టెస్సా, నా కొడుకు డ్వైట్. వాడు స్కూలు బస్సు నడుపుతాడు. నోరు మాత్రం బస్సుకన్నా వేగంగా నడుస్తుంది.

మా బ్రష్ ఫోర్క్‌లో ఒక్కడే పళ్ళ డాక్టరుండేవాడు, ప్రూయిట్ గారని. టెస్సా స్కూలయ్యాక ఆయన దగ్గర పనికి వెళ్ళేది. సామాను కడగడం, పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పడం. ముందటి శరదృతువులో ఆయన ముసలితనం వచ్చిందని తలుపులు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం టెస్సా చేతిలో పెట్టి, "ఆ తలుపు మళ్ళీ తెరిచేది నువ్వే" అన్నాడట. ఆ మాట దాని తలకెక్కింది. రాత్రి చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె తింటూంటే కూడా అద్దం పట్టుకుని మీదికొచ్చేది.

"అమ్మమ్మా, నోరు తెరువు. చిగుళ్ళు చూడాలి."

"పళ్ళు లేని నోట్లో చూడ్డానికేముందే? ఖాళీ ఇంటికి కాపలానా?" అనేదాన్ని. తెరిచేదాన్ని కూడా.

ఫిబ్రవరిలో హెన్స్లీ మేడమ్ మా వంటింట్లో కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. పిల్లలకి ఏ కాలేజీలో చేరాలో దారి చూపడం స్కూల్లో ఆవిడ పని. "మామూలుగా అయితే నాలుగేళ్ళు ఏదో ఒక కాలేజీలో చదవాలి, ఆ తర్వాత పళ్ళ డాక్టరు చదువుకి మళ్ళీ అప్లై చెయ్యాలి. ఆ మధ్యలోనే చాలామంది రాలిపోతారు. అందుకే మొదటి కాలేజీ ఏదన్నది ముఖ్యం. టెస్సాకి రెండు దార్లున్నాయి. మన కొండ కాలేజీ రమ్మని అప్పుడే పిలిచేసింది. పట్నం యూనివర్సిటీలో ఏడేళ్ళ స్కీము ఒకటుంది. అందులో చేరేరోజే పైచదువు సీటు కూడా పిల్లల పేరున రాసిపెట్టేస్తారు. మొదటి వడపోతలో టెస్సా నిలిచింది. ఇక మిగిలింది ఏప్రిల్లో ఇంటర్వ్యూ."

డ్వైట్ కాఫీ చప్పరిస్తూ అన్నాడు. "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం మేడమ్? కొండ కాలేజీ అయితే ఆదివారం భోజనానికి ఇంటికొస్తుంది."

"మామయ్యా, నువ్వు ఊరుకో."

"ఊరుకుంటాలే. డాక్టరమ్మవి అయ్యాక మందు ఇవ్వకుండా పీకుతావేమో, ఇప్పట్నుంచీ మంచిగా ఉండాలి నీతో."

నిజం చెప్పాలంటే నాకూ కొండ కాలేజీయే కావాలనిపించింది. గంట ప్రయాణం. అక్కడి పిల్లలు మాలాగే మాట్లాడతారు. అందుకే మార్చి మొదట్లో ముగ్గురం డ్వైట్ ట్రక్కులో చూడ్డానికి వెళ్ళాం. ఎర్ర ఇటుకల భవనాలు, పచ్చిక, గంట గోపురం. డాక్టరు చదువులకి వెళ్ళే పిల్లల్ని చూసుకునేవాడు విట్లో అని కుర్రవాడే, మెడకి బో టై కట్టుకున్నాడు, మర్యాదస్తుడు. మాకు బిస్కట్లు పెట్టాడు.

"మా దగ్గర్నుంచి మెడికల్, డెంటల్ కాలేజీలకి అప్లై చేసినవాళ్ళలో నూటికి తొంభైమందికి సీటొస్తుందండీ" అన్నాడు.

డ్వైట్ ఈలేశాడు. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

టెస్సా బిస్కట్టు ముట్టుకోలేదు. "అప్లై చెయ్యాలంటే మీ కమిటీ సిఫార్సు ఉండాలి కదండీ?"

"ఉండాలమ్మా."

"అదెవరికిస్తారు?"

"సీటొస్తుందన్న నమ్మకం మాకు కుదిరినవాళ్ళకి."

"మొదటేడాది ఈ ఆశతో ఎంతమంది చేరతారు?"

అతను బో సర్దుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "అరవైమంది దాకా."

"సిఫార్సు?"

"పోయినేడు ఎనిమిదిమందికిచ్చాం."

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో డ్వైట్ వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. చివరికి అన్నాడు. "మరి తొంభై అన్నాడు కదే?"

"అమ్మమ్మ గుడ్లు పొదగేసే ముందు దీపానికి పట్టి చూస్తుంది కదా మామయ్యా" అంది టెస్సా కిటికీలోంచి బయటికి చూస్తూ. "పనికిరానివి ముందే తీసి పారేస్తే, మిగిలినవి పొదుగుతాయి. ఆ తర్వాత లెక్కపెట్టుకుంటే తొంభయ్యే వస్తాయి."

"నువ్వు మంచి గుడ్డువే" అన్నాను నేను.

"అందరమ్మమ్మలూ అదే అంటారు, అమ్మమ్మా."

ఆ రోజునుంచి మా ఇంట్లో మాటంతా ఏప్రిల్ ఇంటర్వ్యూ మీదే. పట్నంలో ఆ సీటు దొరికితే మధ్యలో దీపానికి పట్టి చూసేవాడెవడూ ఉండడు. దొరక్కపోతే అరవైమందిలో ఒకత్తె. టెస్సా అద్దం ముందు నిలబడి జవాబులు చెప్పుకునేది. డ్వైట్ పళ్ళ డాక్టరు వేషంలో నా కళ్ళజోడు పెట్టుకుని ప్రశ్నలడిగేవాడు. "చెప్పమ్మాయ్, పళ్ళ మధ్య పాలకూర ఇరుక్కుంటే ఏం చేస్తావ్?" అని. ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. దాని నోట్లో పళ్ళన్నీ ఉన్నప్పటి ఆఖరి నవ్వు అది.

పై వరసలో ముందు పన్నుకి పక్కది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి బీటవేసింది. ప్రూయిట్ గారు ఏటా చూసి, "నిలబడుతుందిలే, కనిపెట్టుకుని ఉందాం" అనేవాడు. కనిపెట్టే మనిషి వెళ్ళిపోయాడు. మార్చి చివర్లో ఆ పన్ను సలపడం మొదలెట్టింది. లవంగనూనె పెట్టాం, విస్కీలో ముంచిన దూది పెట్టాం. కొండ అవతల ఉన్న పళ్ళ డాక్టరుకి ఫోన్ చేస్తే జూలైలో రమ్మన్నారు. నొప్పి ఇప్పుడండీ అంటే, అందరికీ ఇప్పుడేనమ్మా అంది ఫోన్లో పిల్ల. ఆ ఊళ్ళోనే ఉన్న ఆస్పత్రికి తెల్లవారుతూనే వెళ్తే బిళ్ళలిచ్చి, పళ్ళ డాక్టరుకి చూపించుకో అన్నారు. బిళ్ళలయిపోయాయి. పెదవి వాచింది. ఇంటర్వ్యూ ఇంకో వారం ఉందనగా టెస్సాకి జ్వరమొచ్చింది.

ఏటా ఏప్రిల్లో మా సంత మైదానానికి ఉచిత పళ్ళ శిబిరం వస్తుంది. పశువుల ప్రదర్శన జరిగే షెడ్డులో మడత కుర్చీలు వేసి, ఎక్కడెక్కడి డాక్టర్లో సెలవుపెట్టుకుని వచ్చి రెండురోజులు పళ్ళు పీకి వెళ్తారు. జనం తెల్లవారకముందే కార్లు పెట్టుకుని కూర్చుంటారు. మా వెనక వరసలో ఒకాయన, "మొత్తం పీకెయ్యమని చెప్తా ఈసారి. ఒక్కోదానికీ ఒక్కో ఏడాది రావడం నా వల్ల కాదు" అంటే చుట్టూ అందరూ నవ్వారు. మా దగ్గర నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు. అలవాటు.

టెస్సాని చూసిన డాక్టరు ఏ ఒహాయో నుంచో వచ్చిన పిల్ల. మూతి గుడ్డ దించి మాతో మెల్లగా మాట్లాడింది. "ఈ పన్ను బతికించొచ్చు. వేరు శుభ్రం చేస్తే ఇంకో నలభై ఏళ్ళుంటుంది. కానీ ఆ సామాను ఇక్కడ లేదు. రెండుమూడుసార్లు రావాలి కూడా. మీకు దగ్గర్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాను.

ఆవిడ టెస్సా కంటి కింద వేలితో నొక్కి చూసింది. "వాపు పైకి పాకుతోంది."

"దీనికి శుక్రవారం ఇంటర్వ్యూ ఉందమ్మా" అన్నాను. "పళ్ళ డాక్టరు చదువుకి. అప్పటిదాకా మందుల మీద నెట్టుకురాలేమా? ముందు పన్నమ్మా ఇది. దీని ముఖం చూడు."

నా జీవితంలో పన్ను పీకొద్దని ఒకర్ని బతిమాలడం అదే మొదలు. మా వైపు నొప్పెట్టే పన్నుకి ఒకటే వైద్యం, ఊడబెరకడం. నేనూ ఎందరికో అదే చెప్పినదాన్ని. ఆ రోజు మాత్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మా చెల్లెలైతే నేను ఇలా ఇంటికి పంపనండీ" అంది ఆవిడ. "ప్రాణం మీదికి రావచ్చు."

టెస్సా ఎప్పుడు తీసిందో, ప్రూయిట్ గారి అద్దంతో తన నోట్లో తనే చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత అద్దం జేబులో పెట్టుకుని, "తీసెయ్యండి" అంది.

కట్టుడు పన్ను చేయించడానికి వారాలు పడుతుంది. మా వాళ్ళకి దానికో ఉపాయముంది. మందుల షాపులో తెల్లటి గుళికలమ్ముతారు, వేడినీళ్ళలో వేస్తే మెత్తబడతాయి. వేళ్ళతో పన్ను ఆకారం చేసి సందులో నొక్కితే గట్టిపడుతుంది. తినకూడదు, గట్టిగా తుమ్మకూడదు. చావులకి, పెళ్ళి ఫొటోలకి, కోర్టు వాయిదాలకి మా దగ్గర అందరూ చేసుకునేదే. దూరం నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. డ్వైట్ పొయ్యి దగ్గర కూర్చుని, నాలుక బయటపెట్టి, పాపం ఎంత శ్రద్ధగానో చేశాడు. మొదటిది కుందేలు పన్నులా వచ్చింది. రెండోది గుర్రానిది. చివరికొకటి కుదిరింది.

"చూడవే, అసలుదానికన్నా బావుంది! బస్సు మానేసి ఇదే దుకాణం పెట్టుకుంటా."

టెస్సా అద్దంలో చూసుకుని అటూ ఇటూ తిప్పింది. "బావుంది మామయ్యా."

నాకూ బావుందనిపించింది. మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, అది ఎవరి ముందుకి వెళ్తోందో. ఊరందరి కళ్ళూ కప్పే పన్నుని పళ్ళ డాక్టర్ల గదిలోకి పంపిస్తున్నామని. మేమెప్పుడూ ఒకరి సందు ఒకరికి కనిపించకుండా ఉండటానికే చూసుకున్నాం గానీ, చూడ్డమే పనిగా ఉన్నవాళ్ళ ముందు ఎప్పుడు నిలబడ్డాం గనక?

శుక్రవారం పట్నం వెళ్ళాం. నేనూ డ్వైటూ వసారాలో బెంచీ మీద కూర్చున్నాం. గోడల నిండా పటాలు, ఒక్కో ఏడాది బయటికొచ్చిన డాక్టర్లు. అందరూ నోరారా నవ్వుతున్నవాళ్ళే. ఎదురుగా మరో కుర్రాడి తల్లిదండ్రులు కూర్చున్నారు, ఇద్దరూ డాక్టర్లేనట. మంచివాళ్ళు, పలకరించారు. డ్వైట్ వాళ్ళకి జవాబులిస్తూ చెయ్యి నోటి మీంచి తియ్యలేదు.

అరగంటకి తలుపు తెరుచుకుంది. టెస్సా వెనకే నెరిసిన జుట్టున్న ఒకామె తెల్లకోటులో వచ్చింది. నా దగ్గరికొచ్చి కార్డొకటి ఇచ్చింది. "మీ మనవరాలు చాలా తెలివైన పిల్లండీ. ఆ గుళికల పన్ను ఎక్కువ రోజులుంచకూడదు, చిగురు పుండవుతుంది. ఇది మా విద్యార్థులు చూసే క్లినిక్కు. ఆగస్టులో ఖాళీ ఉంటుంది." అని టెస్సా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నేను టెస్సా ముఖంలోకి చూశాను. పై వరసలో సందు. పన్ను దాని గుప్పిట్లో ఉంది.

ఊరు దాటాక నేనే అడిగాను. "ఏమడిగారే?"

"ఒక కేసు చెప్పి, నువ్వైతే ఏం చేస్తావన్నారు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, ముందు పన్ను బీటవేసింది, చీము పట్టింది."

డ్వైట్ రోడ్డు మీంచి చూపు తిప్పాడు.

"వేరు శుభ్రం చేసి పన్ను నిలబెడతానన్నాను. పీకడం ఆఖరి మాట అన్నాను. బాగా చెప్పావన్నారు. ఆ తర్వాత ఆవిడ, అమ్మాయీ, ఏమనుకోకపోతే ఆ పన్ను ఒకసారి చూడొచ్చా అంది. తీసి చూపించాను."

"మరి చెప్పలేకపోయావా? మనూళ్ళో ఎవరూ లేరని, జ్వరమొచ్చిందని?"

"చెప్పాను అమ్మమ్మా. అన్నీ చెప్పాను. వాళ్ళు చాలా మంచివాళ్ళు. ఒక్కరూ నవ్వలేదు. అయ్యో అన్నారు. అప్పట్నుంచి ఇక నన్నేమీ అడగలేదు. రోగిని చూసినట్టే చూశారు. అదిగో, ఆ కార్డిచ్చారు."

డ్వైట్ రోడ్డు పక్కకి ట్రక్కు ఆపాడు. దిగి, కాసేపు అటు తిరిగి నిలబడి, మళ్ళీ ఎక్కాడు. "కుందేలు పన్నే పెట్టాల్సింది" అన్నాడు. ఎవరం నవ్వలేదు.

ఏప్రిల్ ఆఖర్లో జవాబు వచ్చింది. ఈ ఏడు అర్హులైనవాళ్ళు చాలామంది పోటీపడ్డారని, టెస్సా భవిష్యత్తు బాగుండాలని. పన్ను మాట అందులో లేదు. ఉంటే తిట్టుకోడానికైనా ఒకటి దొరికేది. హెన్స్లీ మేడమ్ వచ్చి, దాన్ని కావలించుకుని, "కొండ కాలేజీ ఉందిగా తల్లీ, ఎనిమిదిమందిలో నువ్వెందుకుండవు?" అంది. టెస్సా తలూపింది. పాపం ఆవిడ తప్పేముంది, అనాల్సిన మాటే అంది.

మే ఒకటో తారీకున మా స్కూల్లో పిల్లలందరూ తాము చేరబోయే కాలేజీ చొక్కా వేసుకుని మెట్ల మీద నిలబడి ఫొటో దిగుతారు. ఆ పొద్దున టెస్సా కొండ కాలేజీ ఆకుపచ్చ చొక్కా వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"ఎలా ఉంది?"

"నీకా రంగు నప్పుతుంది" అన్నాను.

"గుడ్డు రంగులో దొరకలేదు" అంది. అది వేళాకోళమో ఏడుపో నాకు తెలియలేదు. నేను రొట్టె మాడిపోతోందని పొయ్యివైపు తిరిగాను.

ఆ ఫొటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. అందులో టెస్సా పెదవులు బిగించి నవ్వుతోంది. దాని పక్కనున్న పిల్లల్లోనూ సగంమంది అంతే. అరవైమందిలో అది మూడేళ్ళు నిలిచింది, కమిటీ దాకా వెళ్ళింది. వాళ్ళు మర్యాదగానే వద్దన్నారు. ఇప్పుడు కొండ అవతల, జూలైలో రమ్మన్న ఆ డాక్టరు దగ్గరే పనిచేస్తుంది. ఫోనెత్తి, అందరికీ ఇప్పుడేనమ్మా అని చెప్పేది ఇప్పుడదే. ప్రూయిట్ గారి తలుపుకి అడ్డంగా కొట్టిన చెక్క అలాగే ఉంది. ఇదంతా తర్వాతి సంగతి. ఆ వసంతం మా ఇంట్లో జూన్ మొదటి ఆదివారంతో అయిపోయింది.

ఆ రోజు టెస్సా హైస్కూలు పూర్తయిన పండగ. చర్చి వాళ్ళు వచ్చారు, హెన్స్లీ మేడమ్ వచ్చింది. పెరట్లో బల్లలు వేసి కోడి వేపుడు, బంగాళాదుంపలు, కేకు. కేకు మీద పంచదారతో ఆకుపచ్చ టోపీ గీశారు. తినడమయ్యాక డ్వైట్ గొంతు సవరించుకుని లేచాడు. వాడు ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. జేబులోంచి అరచేతిలో పట్టేంత పెట్టె తీశాడు, దానికి రిబ్బను కట్టి ఉంది.

"ఇది అందరం కలిసి చేయించాం. నీకు చెప్పకుండా కొలత ఎలా తీయించానో మాత్రం అడక్కు" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "కాలేజీకి వెళ్ళే పిల్లవి. నోరు మూసుకుని ఎందుకు వెళ్ళాలి?"

కొలత ఎలా తీశారో నాకు తెలుసు. మార్చిలో స్కూల్లో టెస్సా ఆడే జట్టుకి నోటి కవచాలు చేయిస్తామని వచ్చినవాళ్ళు దాని పై వరస అచ్చు తీసుకున్నారు. ఆ అచ్చు స్కూల్లోనే పడి ఉంటే డ్వైట్ దాన్ని పళ్ళు కట్టేవాళ్ళకి పంపించాడు. పన్ను ఉన్నప్పటి అచ్చు.

టెస్సా రిబ్బను విప్పింది. గులాబీరంగు చిన్న పలక, సన్నటి తీగ, దానికి ఒకే ఒక్క తెల్లటి పన్ను. చక్కగా ఉంది. గుళికలది కాదు, నిజంగా చేసినది. అందరూ చూస్తూండగా అది వెనక్కి తిరిగి నోట్లో పెట్టుకుంది. కిటికీ అద్దంలో చూసుకుంది. తర్వాత మావైపు తిరిగి నవ్వింది, పళ్ళన్నీ కనిపించేలా.

పెరడంతా చప్పట్లు. హెన్స్లీ మేడమ్ కళ్ళు తుడుచుకుంది. డ్వైట్ చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వుతున్నాడు.

"థాంక్యూ మామయ్యా" అంది టెస్సా. నిజంగానే మురిసిపోతూ అంది.

నేను కేకు కోసే కత్తి కడగాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. కడిగిన కత్తినే మళ్ళీ మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను. బయట వాళ్ళు నన్ను పిలుస్తూనే ఉన్నారు, ఫొటో దిగాలి రమ్మని.